పాత జీపు – డీజిలు పొదుపు

నల్లగొండ జిల్లా దామరచర్ల మండలంలో వాడపల్లి దగ్గర మూసీ నది కృష్ణలో కలుస్తుంది. నార్కట్‌పల్లి నుంచి అద్దంకి వెళ్లే రహదారి దామరచర్ల మీదుగా వచ్చి, ఆ వాడపల్లి దగ్గరే కృష్ణను దాటి పల్నాటిలో ప్రవేశిస్తుంది. ఈ ప్రాంతపు నేలలో సున్నపురాయి విస్తారంగా ఉంది. దాన్ని ఆధారం చేసుకొని సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. కొంత దూరంలో మిర్యాలగూడ బియ్యపు మిల్లులు ఉన్నాయి. రహదారి దిగితే కాలువ గట్లు, వాగులు, వానకాలంలో చక్రాలు దిగబడే మట్టి దారులు ఎదురవుతాయి. ఇటువంటి చోట నాలుగు చక్రాలకూ చోదనశక్తి అందే జీపు విలాస వస్తువు కాదు, పనిముట్టు. పది పదిహేనేళ్లు పని చేసిన టర్బో డీజిలు బండి ఉన్నవారి నోట సాధారణంగా వినవచ్చే మాట ఒకటుంది: “కొన్న కొత్తలో లీటరుకు పదమూడు పద్నాలుగు ఇచ్చేది, ఇప్పుడు తొమ్మిది కూడా రావటం లేదు.”

ఆ అయిదు కిలోమీటర్లు ఎక్కడికి పోయినట్లు? ఇంజను ముసలిదైపోయిందని చాలామంది సరిపెట్టుకొంటారు. కాని యంత్రానికి ముసలితనం అనే వ్యాధి ఏదీ లేదు. శక్తి ఏదో ఒక దారిన బయటికి పోతూ ఉండాలి. ఆ దారులను శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు ఒక్కొక్కటిగా కనిపెట్టి మూసుకొంటూ వచ్చిన వృత్తాంతమే డీజిలు ఇంజను చరిత్ర. అది తెలిస్తే పాత బండిలో మళ్లీ తెరుచుకొన్న దారులు ఏవో గుర్తించటం కష్టం కాదు.

జీపు పుట్టింది పొదుపు కోసం కాదు, యుద్ధం కోసం. 1941లో అమెరికాలో విల్లీస్ కంపెనీ తయారు చేసిన ఎం.బి. జీపులో 60 అశ్వశక్తి గల పెట్రోలు ఇంజను ఉండేది. దాని సంపీడన నిష్పత్తి 6.48 మాత్రమే. అంటే సిలిండరులో చేరిన మిశ్రమాన్ని పిస్టను ఆరున్నర రెట్లు కుదించేదన్న మాట. యుద్ధరంగంలో పెట్రోలు లెక్క అడిగేవారు ఎవరు? మన దేశంలో 1945లో ఏర్పడిన మహీంద్రా అండ్ మహమ్మద్ సంస్థ 1947లో బొంబాయిలో విల్లీస్ జీపుల భాగాలు తెప్పించి బిగించటం ప్రారంభించింది. ఆ పేరులోని మహమ్మద్, అంటే మాలిక్ గులాం మహమ్మద్, ఒకప్పుడు హైదరాబాదులో నిజాం ప్రభుత్వపు ఆర్థికమంత్రి. దేశవిభజన తర్వాత ఆయన పాకిస్తాన్ వెళ్లి అక్కడ గవర్నర్ జనరల్ పదవి దాకా ఎదిగాడు. 1948లో సంస్థ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగిన నాటికి, రోడ్లు లేని చోట తిరగవలసిన ఇంజనీర్లకు జీపుతో పోటీ పడగల వాహనం మరొకటి లేదు.

నాలుగు చక్రాల చోదనం బురదలో ఎంత వరమో, గట్టి రోడ్డు మీద అంత భారం. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాల కంటే పెద్ద వృత్తం మీద నడుస్తాయి. రెండు ఇరుసులనూ గేర్లతో కలిపి బిగించితే, ఆ తేడాను భరించలేక టైర్లు రోడ్డు మీద రాసుకొంటాయి. లివరు తీసి ముందు ఇరుసును విడదీసినా కథ ముగియదు. నేల మీద దొర్లే ముందు చక్రాలు తమతోపాటు ఇరుసు కడ్డీలనూ, గేర్లనూ, ముందు షాఫ్టునూ ఊరికే తిప్పుతుంటాయి. చిక్కని గేరు నూనెలో అవి తిరగటానికి అయ్యే ఖర్చు డీజిలు ట్యాంకు నుంచే రావాలి. యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకొన్న జీపులను అమెరికన్ రైతులు కొన్నప్పుడు ఈ నష్టం బయటపడింది. 1948లో ఆర్థర్ వార్న్ అనే వ్యాపారి, అక్కరలేనప్పుడు ముందు చక్రాలను ఇరుసు నుంచి విడదీసే హబ్బులను తయారు చేసి అమ్మాడు. చేత్తో తిప్పే చిన్న మీట అది. ఇప్పటికీ పాత జీపులలో కనిపిస్తుంది. పొలంలో దిగబడినప్పుడు బిగించి, రోడ్డెక్కాక విప్పటం మరిచిపోవటం కూడా ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇక ఇంజను సంగతి. వేడిని పనిగా మార్చే యంత్రం ఎంత ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర వేడిని గ్రహించి, ఎంత తక్కువ ఉష్ణోగ్రత దగ్గర దాన్ని విడిచిపెడితే అంత ఎక్కువ పని లభిస్తుందని 1824లో ఫ్రెంచి ఇంజనీరు సాదీ కార్నో నిరూపించాడు. ఇది దామరచర్ల వారికి కొత్త విషయం కాదు. అదే మండలంలో వీర్లపాలెం వద్ద 2015లో శంకుస్థాపన జరిగిన యాదాద్రి విద్యుత్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు అయిదు. నీటి సందిగ్ధ పీడనం సుమారు 218 వాతావరణ పీడనాలు కాగా, అక్కడ ఆవిరిని అంతకు మించిన పీడనానికి ఎక్కించటం కార్నో చెప్పిన లాభం కోసమే. జీపు ఇంజనూ, ఆ మహాయంత్రమూ ఒకే నియమానికి లోబడినవి.

మ్యూనిక్‌లో కార్ల్ వాన్ లిండే ఉపన్యాసాలు విన్న విద్యార్థులలో రుడాల్ఫ్ డీజిల్ ఒకడు. ఆనాటి ఆవిరి యంత్రాలు బొగ్గులోని వేడిలో పదోవంతు కూడా పనిగా మార్చటం లేదని గురువు చెప్పిన మాట అతని మనస్సులో నాటుకొంది. 1893లో అతడు తన సిద్ధాంతాన్ని గ్రంథంగా ప్రకటించాడు. గాలిని మాత్రమే సిలిండరులో బాగా కుదించాలి. కుదించిన గాలి సహజంగానే వేడెక్కుతుంది. అప్పుడు ఇంధనాన్ని చిమ్మితే నిప్పురవ్వ అవసరం లేకుండా అదే అంటుకొంటుంది. అతడు మొదట అడిగింది 250 వాతావరణాల పీడనం! ఆనాటి లోహాలు అంత పీడనాన్ని తట్టుకోలేవు. తట్టుకొన్నా లాభమంతా ఘర్షణకే సరిపోయేది. 1893 ఆగస్టులో ఆగ్స్‌బర్గ్‌లో చేసిన తొలి ప్రయత్నంలో పీడనమాపకం పేలిపోయింది. అతడు తన లెక్కలను సవరించుకొని, పీడనాన్ని బాగా తగ్గించుకొని, నాలుగేళ్లు శ్రమించాడు. సిద్ధాంతాన్ని పట్టుకొని మొండికెయ్యకుండా లోహం చెప్పిన మాట విన్నందువల్లనే ఆ ఇంజను తిరిగింది.

1897 ఫిబ్రవరి 17న ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ ఆ ఇంజనును పరీక్షించాడు. నిమిషానికి 154 చుట్లు తిరుగుతూ సుమారు 18 అశ్వశక్తి ఇచ్చింది. ఇంధనంలోని వేడిలో నూటికి 26.2 పాళ్లు పనిగా మారింది. అంతవరకు ఏ ఉష్ణయంత్రమూ అందుకోని దక్షత అది. పెట్రోలు ఇంజను కంటే డీజిలు మెరుగు కావటానికి మరొక కారణం కూడా ఉంది. పెట్రోలు ఇంజనులో వేగం తగ్గించటానికి గాలిదారికే అడ్డుతలుపు వేస్తారు. ఆ ఇరుకులోనుంచి గాలి పీల్చటానికి ఇంజను తన శక్తినే ఖర్చు చేసుకోవాలి. డీజిలులో గాలి నిండుగా వస్తుంది, ఇంధనాన్ని మాత్రమే తగ్గిస్తారు. ఊళ్లలో నెమ్మదిగా తిరిగే బండికి ఇది పెద్ద లాభం.

అయితే డీజిల్ ఇంజను చాలాకాలం కదలని యంత్రంగానో, ఓడలలోనో ఉండిపోయింది. ఇంధనాన్ని చిమ్మటానికి వేరే సంపీడిత వాయు యంత్రం కావలసి రావటమే కారణం. దాని బరువు ఒక బాధ, అది మింగే శక్తి మరొక బాధ. 1913లో డీజిల్ ఇంగ్లీషు చానెల్ దాటే ఓడలో నుంచి అదృశ్యమై మరణించాడు. తన ఇంజను మోటారు బండిలో కుదురుకోవటం అతడు చూడలేదు. 1927లో రాబర్ట్ బాష్ కర్మాగారం నుంచి చిన్న ఇంధన పంపులు పెద్ద సంఖ్యలో వెలువడటంతో దారి సుగమమైంది. 1936లో మెర్సిడెస్ బెంజ్ 260-డి కారు వచ్చింది. 100 కిలోమీటర్లకు దానికి సుమారు 9.5 లీటర్లు సరిపోతే, అదే తరహా పెట్రోలు కారుకు 13 లీటర్లు పట్టేవి.

మన జీపుకు డీజిలు గుండెను పెట్టవలసిన అవసరం 1973లో తోసుకొచ్చింది. ఆ సంవత్సరం అక్టోబరులో మొదలైన సంక్షోభంలో పీపా ముడి చమురు ధర 3 డాలర్ల ప్రాంతం నుంచి కొద్ది నెలల్లో 12 డాలర్ల దరికి చేరింది. పెట్రోలు జీపు నడపటం భారమైంది. మహీంద్రా వారికి ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీతో కలిసి 1963 నుంచి ట్రాక్టర్లు తయారు చేస్తున్న అనుభవం ఉంది. 1970ల దశకంలో ఆ ట్రాక్టరు ఇంజనే జీపులోకి వచ్చింది. దున్నే ఇంజను పరుగెత్తటానికి అంతగా పనికిరాదు గాని, తక్కువ తాగుతుంది. ఆ తర్వాత ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీ లైసెన్సుతో 2112 ఘన సెంటీమీటర్ల ఇంజను వచ్చి, జీపుల్లోనూ ప్రయాణికుల బండ్లలోనూ ఏళ్ల తరబడి పని చేసింది.

ప్యూజో ఇంజనులో ఇంధనం నేరుగా సిలిండరులో పడదు. పక్కన ఉన్న చిన్న గదిలో పడి, అక్కడ సుడులు తిరిగే గాలిలో అంటుకొని, సన్నని దారిగుండా ప్రధాన గదిలోకి దూకుతుంది. ఇంగ్లండులో హారీ రికార్డో తీర్చిదిద్దిన పద్ధతి ఇది. చప్పుడు తగ్గుతుంది, ఇంజను చురుకుగా తిరుగుతుంది. కాని ఆ చిన్న గది గోడలు వేడిని గుంజుకొంటాయి. సన్నని దారిగుండా వాయువులు దూరటానికి కూడా శక్తి ఖర్చవుతుంది. ఇంధనాన్ని నేరుగా పిస్టను తలమీది గుంటలో చిమ్మితే నూటికి పది నుంచి పదిహేను పాళ్ల దాకా ఆదా అవుతుంది. లారీలలో ఈ పద్ధతి పాతదే. చిన్న బండ్లలో చప్పుడును అదుపు చేసి దాన్ని నిలబెట్టటం 1980ల చివర గాని సాధ్యపడలేదు.

టర్బో అనే మాట చుట్టూ ఉన్నంత అపోహ మరి దేని చుట్టూ లేదు. డీజిలు మండగా వచ్చిన వేడిలో దాదాపు మూడోవంతు పొగగొట్టంగుండా పోతుంది. స్విట్జర్లండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూకీ ఆ పొగతోనే ఒక చిన్న చక్రాన్ని తిప్పి, అదే కడ్డీకి మరొక చివర ఉన్న చక్రంతో గాలిని ఇంజనులోకి తోయించవచ్చునని 1905లో పేటెంటు తీసుకొన్నాడు. ఆచరణలో గెలవటానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1920లలో రెండు జర్మన్ ప్రయాణికుల ఓడలలో అమర్చినప్పుడు, 1750 అశ్వశక్తి ఇంజన్లు 2500 అశ్వశక్తి ఇచ్చాయి. అంతమాత్రాన టర్బో ఉంటే చాలు డీజిలు ఆదా అవుతుందనుకోరాదు. గాలి ఎక్కువైతే చిన్న ఇంజను పెద్ద ఇంజను చేసే పని చేస్తుంది. చిన్న ఇంజనులో రాపిడి తక్కువ, బరువు తక్కువ. ఆదా అక్కడ ఉంది. ఎక్కువ వచ్చిన గాలికి తగినట్లు ఇంధనాన్నీ ఎక్కువ చిమ్మి, కాలు అదిమి పరుగెత్తిస్తే ఆ ఆదా అంతా హరించిపోతుంది.

కుదించిన గాలి వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి పలచబడుతుంది. టర్బో నుంచి 120 డిగ్రీల సెల్సియస్ వద్ద వచ్చిన గాలిని అదే పీడనం వద్ద 60 డిగ్రీలకు చల్లబరిస్తే దాని సాంద్రత 393ను 333తో భాగించగా వచ్చినన్ని రెట్లు, అంటే నూటికి 18 పాళ్లు పెరుగుతుంది. రేడియేటరు ముందు కనిపించే ఇంటర్‌కూలరు చేసే పని ఇదే. నల్లగొండ ఎండాకాలంలో 45 డిగ్రీల గాలి 20 డిగ్రీల గాలి కంటే సుమారు నూటికి 8 పాళ్లు పలచన అని గుర్తుంచుకొంటే, ఇక్కడి బండికి ఇంటర్‌కూలరు శుభ్రంగా ఉండటం ఎంత అవసరమో తెలుస్తుంది.

మన దేశంలో 1998లో టాటా సఫారీ 1948 ఘన సెంటీమీటర్ల టర్బో డీజిలు ఇంజనుతో వచ్చింది. నాలుగు చక్రాల చోదనం గల రకమూ అందులో ఉండేది. 2002లో మహీంద్రా స్కార్పియో 2.6 లీటర్ల టర్బో ఇంజనుతో వెలువడింది. ఈలోగా ఐరోపాలో 1997లో, డీజిల్ ఇంజను పరీక్ష జరిగిన సరిగ్గా నూరేళ్లకు, ఆల్ఫా రోమియో 156 కారులో కామన్ రైలు పద్ధతి ప్రవేశించింది. అందులో ఎప్పుడు, ఎంత ఇంధనం చిమ్మాలో విద్యుత్ పరికరం నిర్ణయిస్తుంది. కొద్ది ఏళ్లలో అది మన జీపులకూ వచ్చింది. అంతకుముందు వచ్చిన బండ్లలో మాత్రం ఆ నిర్ణయం పంపులోని స్ప్రింగులు, నాజిల్ సూదులదే. స్ప్రింగు మెత్తబడితే నిర్ణయమూ మెత్తబడుతుంది.

పాత బండిలో నష్టం ఎక్కడ మొదలవుతుందో ఇప్పుడు ఊహించవచ్చు. సిమెంటు లారీలు లేపే దుమ్ము, మిల్లుల దగ్గర ఎగిరే ఊకపొట్టు గాలి ఫిల్టరును కప్పేస్తాయి. మైదానపు పట్టణాలలో నడిచే బండికి చెప్పిన గడువు ఇక్కడ చెల్లదు. టర్బోకూ ఇంజనుకూ మధ్య ఉన్న రబ్బరు గొట్టాలు ఏళ్ల తరబడి వేడికి చీలుతాయి. కుదించిన గాలి ఆ చీలికలోనుంచి బుస్సుమంటూ పోతుంది. గాలి చాలక డీజిలు సగం మండి నల్లపొగ అవుతుంది. నల్లపొగ అంటే కొన్న డీజిలులోని కర్బనం పనిచేయకుండానే ఊరి మీద పడటం. నాజిల్ సూది అరిగితే తుంపరకు బదులు చుక్క కారుతుంది. థర్మోస్టాటు తెరుచుకొని ఉండిపోతే ఇంజను ఎప్పటికీ తగినంత వేడెక్కదు. బండి వేడెక్కుతోందని థర్మోస్టాటును పీకి పారేయటం మన మెకానిక్కులలో ఒక పాత అలవాటు. అది వ్యాధికి మందు కాదు, కొత్త వ్యాధి. ‘పికప్పు’ కోసం పంపు స్క్రూను తిప్పించుకోవటం కూడా అటువంటిదే. గాలి పెరగకుండా డీజిలు పెరిగితే బలం కాస్త, పొగ చాలా పెరుగుతాయి.

వీటి ఫలితాన్ని లెక్క కట్టి చూద్దాం. తరగతిలో నల్లబల్ల మీద చేయదగిన లెక్క ఇది. 1900 కిలోగ్రాముల బండి, ముందు వైశాల్యం 2.6 చదరపు మీటర్లు, గాలి నిరోధక గుణకం 0.5, గాలి సాంద్రత ఘనమీటరుకు 1.15 కిలోగ్రాములు, టైర్ల దొర్లుడు నిరోధక గుణకం 0.015 అనుకొందాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో గాలి నిరోధం సుమారు 369 న్యూటన్లు, టైర్ల నిరోధం 280 న్యూటన్లు. మొత్తం 649. అంటే కిలోమీటరుకు 6 లక్షల 49 వేల జౌళ్ల పని చేయాలి. లీటరు డీజిలులో సుమారు 3 కోట్ల 60 లక్షల జౌళ్ల శక్తి ఉంది. అందులో నాలుగోవంతు, అంటే 90 లక్షల జౌళ్లు, చక్రాలకు చేరితే బండి లీటరుకు దాదాపు 14 కిలోమీటర్లు నడుస్తుంది.

ఇప్పుడు పై లోపాల వల్ల దక్షత నూటికి 25 నుంచి 21కి తగ్గిందనుకొందాం. మైలేజి 11.6కు పడుతుంది. టైర్లలో గాలి తగ్గి దొర్లుడు గుణకం 0.018 అయితే 10.7. ఆపైన డ్రైవరు 80కి బదులు 100లో నడిపితే గాలి నిరోధం 577 న్యూటన్లకు పెరుగుతుంది, ఎందుకంటే అది వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది గదా. మైలేజి 8.3! ఒక్క భాగమూ విరగలేదు, బండి ఎక్కడా ఆగలేదు. అయినా 14 కాస్తా 8.3 అయింది. ఈ మూడింటిలోనూ పైసా ఖర్చు లేకుండా సరిచేయగలిగింది కాలి కింద ఉన్న పెడలు. పైకప్పు మీద ఖాళీగా మోసుకు తిరిగే ఇనుప క్యారియరును విప్పితే గాలి నిరోధం ఇంకా కొంత తగ్గుతుంది.

ఈ విద్యలో తెలుగునేలకు మంచి అనుభవమే ఉంది. 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ డిపోలలో ‘కె.ఎం.పి.ఎల్.’ అనే మాట తెలియని డ్రైవరు ఉండడు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని దాని అర్థం. ఏ బస్సు ఎంత తాగింది, ఏ డ్రైవరు చేతిలో ఎంత నడిచింది అని రాసిపెట్టి, వెనుకబడిన వారికి శిక్షణ ఇవ్వటం ఆ సంస్థ పద్ధతి. లీటరుకు 5 కిలోమీటర్ల పైమాటే సాధించి, ఆ సంస్థ ఇంధన పొదుపుకు జాతీయస్థాయి బహుమతులు అందుకొంది. రోజుకు 300 కిలోమీటర్లు తిరిగే బస్సు 5కు బదులు 5.2 ఇస్తే రోజుకు 2.3 లీటర్లు మిగులుతాయి. 1978లో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘం దేశమంతటా చెబుతూ వచ్చింది కూడా ఇంచుమించు ఇవే సంగతులు: గేరు సమయానికి మార్చటం, ముందుచూపుతో నడిపి బ్రేకు తగ్గించటం, ఊరికే నిలిపినప్పుడు ఇంజను ఆపటం.

ఇంత శ్రమ లేకుండా ఫలితం ఇస్తామనే వారికీ లోటు లేదు. ఇంధన గొట్టానికి కట్టే అయస్కాంతాలు, ట్యాంకులో వేసే బిళ్లలు, గాలిదారిలో పెట్టే రేకు చక్రాలు సంతలో దొరుకుతాయి. 1996లో తమిళనాడులో ఆకులతో పెట్రోలు తయారు చేశామన్న ప్రకటన దేశాన్నంతా కొన్నాళ్లు ఊపి, చివరకు న్యాయస్థానంలో మోసంగా తేలింది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇటువంటి ఇంధన పొదుపు పరికరాలను నూటికి పైగా పరిశీలించింది. అతి కొద్దివాటిలో స్వల్పమైన లాభం కనిపించింది, మిగిలినవి వట్టివి. ఆశ్చర్యం లేదు. మంచి స్థితిలో ఉన్న డీజిలు ఇంజను తనలో పడిన ఇంధనాన్ని దాదాపు పూర్తిగా మండిస్తుంది. ‘ఇంకా బాగా మండిస్తాం’ అనేవారికి అక్కడ మిగిలి ఉన్నది చాలా కొద్ది. నష్టం మంటలో కాదు, మంట తర్వాత వేడి పోయే దారుల్లో, చక్రాల కింద, గాలిలో ఉంది.

మరమ్మతు వల్ల లాభం కలిగిందో లేదో డ్యాష్‌బోర్డు ముల్లును చూసి చెప్పలేము. ట్యాంకును మెడదాకా నింపి మీటరు అంకె రాసుకొని, మూడు నాలుగు వందల కిలోమీటర్లు నడిపాక అదే పంపు దగ్గర, బండిని అదే వాలులో నిలిపి మళ్లీ మెడదాకా నింపాలి. రెండోసారి పట్టిన లీటర్లతో నడిచిన దూరాన్ని భాగించాలి. టైర్లు పెద్దవి వేయించిన బండిలో మీటరు తక్కువ దూరం చూపుతుంది కాబట్టి, రహదారి మీది కిలోమీటరు రాళ్లతో దాన్ని ముందుగా సరిచూసుకోవాలి. ఒకసారికి ఒక మార్పు మాత్రమే చేసి, మార్పుకు ముందు రెండు ట్యాంకులు, తర్వాత రెండు ట్యాంకులు కొలిచి చూడాలి. దామరచర్ల నుంచి మిర్యాలగూడకు రోజూ తిరిగే బండికి ఈ పని ఒకటి రెండు నెలల్లో పూర్తవుతుంది. కావలసినవి ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు.